కొసరుగా వచ్చిన నూరువరహాలు

కొసరు పుచ్చుకోకుండా కొట్టు దిగితే మా పుట్టింట్లో దాన్ని కొనడం అనరు. నాన్నది షేక్‌పేటలో కిరాణా కొట్టు, మేనమామది పక్కనే బట్టల కొట్టు. ఆ నీళ్లు తాగి పెరిగినదాన్ని. జూబ్లీహిల్స్‌లో గుట్టను కొట్టి ఇల్లు కట్టుకున్న ఏడాది, ఎనభైల చివర్లో, నర్సరీలో క్రోటన్ మొక్కలు బేరమాడి, ఇక కదులుతూ మూలనున్న కుండీ చూపించాను.

"గిది కొసరియ్యి."

"అక్కా, గది నూరువరహాల చెట్టు. సగం సచ్చింది. నీకెందుకు?"

"సచ్చినదానికి సుత పైసలడుగుతవా?"

నర్సరీవాడు నవ్వి కుండీ ఆటోలో పెట్టాడు.

మావారిది గోదావరి జిల్లా. ఫిల్మ్‌నగర్‌లో సినిమాల ఎడిటింగ్ పని. కుండీ చూసి, "పుల్లను కూడా బేరమాడి తెచ్చావా?" అన్నారు. గేటు పక్క జాగాలో గచ్చు చేయించి స్కూటర్ పెట్టుకోవాలని ఆయన ఆశ. నేను ఆ పుల్లను సరిగ్గా అక్కడే, ప్రహరీగోడకు ఆనించి నాటాను.

"వచ్చే వానాకాలానికి ఇది పూయకపోతే గచ్చు చేయించేస్తాను."

"పూస్తే?"

"పూస్తే నా స్కూటర్ వీధిలోనే."

బేరం కుదిరింది. మొక్క మాత్రం కుదురుకోలేదు. ఈనెలు పచ్చగానే ఉండి, వాటి నడుమ ఆకు పసుపుపచ్చగా తిరిగింది. ఊరికే వస్తోంది కదా అని అమ్మవాళ్ల పొయ్యిలోని బూడిద తెచ్చి వేశాను. ఇంకా పాలిపోయింది. ఊరికే వచ్చేదాన్ని వదులుకోలేని బుద్ధి మరి.

విరిగిన కొమ్మ ఒకటి ఎండుటాకుల ఎరువున్న కుండీలో గుచ్చి మరిచిపోయాను. అది మాత్రం నిగనిగలాడుతోంది. నీళ్లు అవే, ఎండ అదే. తేడా మట్టిలోనే ఉండాలని గోడ పక్కన తవ్వి చూస్తే, ఇల్లు కట్టిన మేస్త్రీ మిగిలిన సున్నం, ఇసుక కలిపిన సిమెంటు మాల్ అంతా అక్కడే పూడ్చాడు. నూరువరహాలకు కాస్త పులుపున్న నేల కావాలి. సున్నం పడదు, బూడిదా పడదు. మోకాలి లోతు గొయ్యి తీసి, గోడకు మూరెడు దూరం జరిపి, ఎర్రమట్టిలో మాగిన ఆకు కలిపి నింపాను. నీరు నిలవకుండా అడుగున కంకర వేశాను.

ఆ ఏడాది చలికాలంలో ఎదురింట్లో షూటింగ్. ప్రొడక్షన్ మేనేజర్ మా గేటు దగ్గరకొచ్చాడు.

"ఇక్కడ టీ పొయ్యి పెట్టుకుంటామండీ. అద్దె ఎంతో చెప్పండి."

"కిరాయొద్దు. టీ కాచిన పిప్పంత నాకియ్యాలె."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "మళ్లీ కాస్తారా ఏంటండీ?"

మావారు తలుపు చాటుకు తప్పుకున్నారు. "రేపు వాళ్లకు నా మొహం ఎలా చూపించను?"

"మొహం మీది. పిప్పి నాది," అన్నాను.

మొదటిసారి పాలూ చక్కెరా కడగకుండా వేస్తే ఊళ్లో చీమలన్నీ మొక్క చుట్టూ చేరాయి. తర్వాత పిప్పిని కడిగి, ఆరబెట్టి, నేలకు పులుపు ఎక్కాలని పలచగా మట్టిలో కలిపాను. చిగుళ్లు ఎర్రగా వచ్చి, ముదిరి చిక్కటి ఆకుపచ్చకు తిరిగాయి. జడివానలు పడ్డాక కొమ్మల చివర బుల్లి మొగ్గల గుత్తులు కట్టాయి. అవి ఎర్రగా విచ్చిన పొద్దున మావారు కాసేపు నిలబడి చూశారు. స్కూటర్ తోసుకెళ్లి వీధిలో పెట్టారు.

తర్వాత ఏటేటా పూలు వాడిన గుత్తుల కింద కత్తిరించాను, పక్క కొమ్మలు వస్తాయని. కత్తిరించిన వాటిలో మరీ లేతా మరీ ముదురూ కానివి ఏరి, అడుగు ఆకులు తుంచి, ఇసుక కలిపిన మట్టిలో నీడన గుచ్చాను. తొంభైల్లో గేటు నుంచి గోడ చివరిదాకా నడుమెత్తు కంచె, ఎర్రగా. రాయి మీద ఏం మొలుస్తుందన్నవాళ్లు ఆగి చూసి వెళ్లేవాళ్లు. నేను కావాలనే వాళ్లు అటు వచ్చే వేళకు నీళ్లు పోసేదాన్ని.

ఒకరోజు ఆ మేనేజరే మళ్లీ వచ్చాడు. మా కంచె ముందు పాట తీస్తారట. వెంట ఆర్ట్ అసిస్టెంట్, చేతిలో బుట్టెడు కాగితం పూలు, తీగచుట్ట. అతను కంచె చూసి, ఒక గుత్తి పట్టుకుని లాగాడు.

"బాగా కట్టారండీ. ఏ యూనిట్ వాళ్లు?"

నేను నోరు తెరిచేలోపే వీధిలోంచి కేక వినిపించింది. మావారు, వానకు తడిసిన స్కూటర్‌ను తంతూ తంతూ ఆగి:

"లాగకయ్యా! అసలు పూలు! మా ఆవిడ పెంచింది!"

ఎంత బేరమాడినా అన్నేళ్లలో ఆయన నోట ఆ మాట రాలేదు. అడక్కుండా వచ్చిన కొసరు, ఎలా వదులుతాను? వినపడనట్టు నటించి, "ఏందీ?" అన్నాను. ఆయన మళ్లీ చెప్పారు, ఇంకాస్త గట్టిగా. స్కూటర్ మాత్రం స్టార్ట్ కాలేదు.