ఆంటీకి చదవని పేరా

మా ల్యాబ్ ఆంటీ ఆదివారం సాయంత్రం హాస్పిటల్లో చనిపోయారు. వాళ్ళాయన, అంటే అంకుల్, పంపిన మెసేజ్ బస్సులో చదివి, దిగాల్సిన స్టాప్ దాటిపోయాను.

హామిల్టన్‌లో మా కాలేజీ బయాలజీ ల్యాబ్ ఆవిడ చూసుకునేవారు. పాఠాలు చెప్పడం ఆవిడ పని కాదు. అయినా తెలుగు పిల్లలం ఏ రిపోర్టు రాయాలన్నా ముందు తెలుగులో రాసి చూపించమనేవారు. అలాగైతే టెక్స్ట్‌బుక్ మాటలు ఎత్తి రాయలేమని. నా కాగితాల్లో ‘అద్భుతం’ కనిపిస్తే చాలు, పెన్సిల్‌తో కొట్టేసేవారు. “నువ్వు ఆశ్చర్యపోయిన సంగతి సరేనమ్మా, ఏం చూశావో రాయి.” మాటల మోజులో ఉన్న నాకు ఆ గీత చురుక్కుమనేది. తర్వాత చదువుకుంటే వాక్యం నిజంగానే బాగుపడి ఉండేది.

ఏ పోలికా లేని రెండు ప్రాణుల్ని పోల్చమన్నప్పుడు ఆఫ్రికా అడవుల బోంగో జింకనీ, ఇక్కడి చెరువుల్లో పెరిగే అనబీనానీ తీసుకున్నాను. అనబీనా అంటే కణాలు పూసల్లా వరుసగా అతుక్కుని పోగులా పెరిగే బ్యాక్టీరియా. జింక అందానికి పడిపోయి దీన్ని రెండు లైన్లలో తేల్చేశానని ఆంటీ నన్ను మధ్యాహ్నమంతా మైక్రోస్కోప్ ముందు కూర్చోబెట్టారు. ఓపిగ్గా చూడటం నాకు ఆ రోజే వచ్చింది.

అప్పటికే ఆవిడకు క్యాన్సర్ ముదిరింది. చివరిసారి హాస్పిటల్‌కి వెళ్తే, రాసింది చదవమన్నారు. కొమ్మలకు తగలకుండా జింక కొమ్ముల్ని వెనక్కి వాల్చి పరుగెత్తడం, ఆ రాపిడికి వీపున వెంట్రుకలు ఊడటం చదివాను. ఆఖరి పేరా ముందు ఆగిపోయాను.

“అయిపోయిందా?”

“అయిపోయింది ఆంటీ.”

“రెండూ ఎలా చస్తాయో రాయలేదేం?”

“ఇంకా రాయలేదు.”

ఆవిడ నా చేతిలోని కాగితం కేసి చూసి, కిటికీ వైపు తిరిగారు. ఆవిడ మీద జాలితో దాచాననుకున్నాను. నిజానికి నాకు భయం వేసింది.

అంత్యక్రియల హాల్లో నన్ను రెండు మాటలు చెప్పమంటే ఆ పేరానే చదివాను. గుండె ఆగితే జింక మొత్తం పోతుంది. అనబీనాలో నడుమ ఒక కణం చస్తే పోగు అక్కడ తెగి, రెండు ముక్కలూ పెరుగుతూనే ఉంటాయి. చచ్చిన కణం మాత్రం నీళ్ళలో కరిగిపోతుంది. ఎవరో దగ్గారు. ఎవరికీ ఏమీ అర్థమైనట్టు లేదు.

అంకుల్ నా దగ్గరికొచ్చారు. “ఆ రోజు హాస్పిటల్ నుంచి నువ్వెళ్ళాక తను చెప్పింది. రాసింది గానీ చదవలేకపోయింది, పిల్ల భయపడిందీ అని.”

ఆయన ఆ కాగితం తీసుకుని, రాసిన వైపు ఆవిడ ముఖానికి ఎదురుగా ఉండేలా శవపేటికలో ఆవిడ చేతుల మధ్య నిలబెట్టబోయారు. నిలవలేదు. రెండోసారీ వాలిపోయింది. మూత వేసేవాళ్ళు పక్కనే నిలబడి ఉన్నారు. నేను వంగి, దాని అంచుని ఆవిడ చల్లటి బొటనవేలి కింద దోపాను.