ఈస్టరు ముందు కడిగిన బాణాలు

అవునే అనూ, నీ ఆర్చరీ క్లాసులో బాణం వేసే ప్రతిసారీ ముందు పుల్ల చూసుకోమనే చెప్తాను. "అబ్బ నాయనమ్మా, ఇవి మీ కాలం వెదురు పుల్లలు కావు, అంత తేలిగ్గా విరగవు. అయినా నీకెలా తెలుసు బాణాల సంగతి?" అని మొన్న ఫోన్లో నవ్వావు. అప్పుడేదో చెప్పి తప్పించుకున్నాను. ఇందాక మోకాళ్ళకి రాసుకుందామని ఆముదం గిన్నె స్టవ్వు మీద పెట్టానా, ఆ వాసన తగలగానే ఈ తెనాలి ఫ్లాటూ లేదు, నేను ముసలిదాన్నీ కాదు. బాపట్ల అవతల సముద్రం వైపు ఊళ్ళో, మా అత్తగారి వంటింట్లో, పద్దెనిమిదేళ్ళ కొత్త కోడలిగా నిలబడి ఉన్నాను. నువ్వూ తమ్ముడూ పూనాలో పుట్టి పెరిగారు, మీ తాతయ్య వాళ్ళ నాన్నగారిని మీరు ఫోటోలో తప్ప చూడలేదు. ఆయన గురించి చెప్తాను, వినండి.

సత్యానందం మాస్టారంటే మా వైపు తెలియనివాళ్ళు లేరు. మిషన్ బడిలో హెడ్మాస్టరు, ఆదివారం గుళ్ళో వాక్యం చదివేదీ ఆయనే. సన్నగా, పొడుగ్గా, గొంతు పెంచకుండా మాట్లాడేవారు. ఏడాదికి ఒక్కసారి, ఈస్టరు ముందు శనివారం, విల్లు పట్టుకుని సరుగుడు తోటల వైపు వెళ్ళి ఒక్క జింకని కొట్టుకొచ్చేవారు. గుడికొచ్చే ప్రతి ఇంటికీ పంచితేగానీ మా ఇంట్లో పొయ్యి మీద పెట్టేవాళ్ళు కాదు. ఇప్పుడైతే జైల్లో పెడతారు, పెట్టాలి కూడా. అప్పటికింకా అంత పట్టింపు రాలేదు. తుపాకి ఎందుకు కొనరండీ అని నేనొకసారి అడిగితే, "తుపాకి అయితే దూరం నుంచి కొట్టొచ్చమ్మా. బాణమైతే దాని కళ్ళు కనిపించేంత దగ్గరికెళ్ళాలి. ఆ కళ్ళు చూశాక కూడా కొట్టగలిగితేనే కొట్టాలి" అన్నారు. నాకప్పుడు అర్థం కాలేదు.

ఆయన బాణాలు పొయ్యి పైన అటక మీద ఉండేవి. పది పన్నెండు వెదురు పుల్లలు, చివర ఇనుప ములుకులు, వెనక గద్ద ఈకలు. ఏడాదంతా పొగ పట్టి నల్లగా, జిడ్డుగా ఉండేవి. నేనేమో తెనాలి పిల్లని, శుభ్రం పిచ్చి. ఈస్టరుకి ఇల్లంతా కడుగుతున్నాం. అత్తయ్యగారు సున్నం కలుపుతూ వాకిట్లో ఉన్నారు. నేను అటక దులుపుతూ ఆ కట్ట చూసి, అయ్యో, మామయ్యగారి బాణాలు ఇంత మసిగా ఉంటే ఎలా అనుకున్నాను. ఈకలు తడవకుండా జాగ్రత్తగా పట్టుకుని, వేణ్ణీళ్ళలో నానబెట్టి, కుంకుడు రసం పోసి, కొబ్బరి పీచుతో ఒక్కొక్కటీ తోమాను. పసుపుపచ్చగా తళతళలాడాయి. మంచి ఎండలో డాబా మీద ఆరబెట్టాను. ఎంత మురిసిపోయానో!

సాయంత్రం తీయబోతే ఒక పుల్లకి, ఈకలకి కాస్త కిందగా, తలవెంట్రుకంత సన్నటి గీత. గోటితో తడిమితే తెలిసింది. పెళ్ళయి నాలుగు నెలలు కాలేదు. ఎవరికీ చెప్పలేదు. కాస్త ఆముదం తెచ్చి రుద్దాను. గీత మాయమైంది. ఆ పుల్లని మిగతావాటి మధ్యలో పెట్టి కట్ట కట్టేశాను.

మామయ్యగారు చూసి గట్టిగా నవ్వేశారు. "ఏంటమ్మా, నా బాణాలన్నిటికీ బాప్తీస్మం ఇచ్చేశావా?"

"మసి పట్టిపోయాయండి..."

"ఆ పొగే కదమ్మా వెదురుకి బలం. పోనీలే, కొత్త కోడలు వచ్చిన గుర్తు. నీళ్ళలో నాని ఎండలో ఆరితే చిట్లుతుంది. ఏదీ చిట్లలేదు కదా?"

"లేదండి," అన్నాను.

అంతే పిల్లలూ. ఆ ఒక్క మాటే. ఆయన మళ్ళీ ఒక్కొక్కటీ చూసుకున్నారో, నా మాట మీద ఊరుకున్నారో నేను చూడలేదు. చూడలేక పెరట్లోకి వెళ్ళిపోయాను.

శనివారం తెల్లారకముందే కోటయ్యతో కలిసి వెళ్ళారు. కోటయ్య యానాది, ఆయనకి విల్లు నేర్పినవాడు. ఇసకలో అడుగు చూసి జింక ఎప్పుడు పోయిందో, ఎటు పోయిందో చెప్పేవాడు. చీకటి పడుతుండగా ఇద్దరూ ఉత్త చేతులతో వచ్చారు. మామయ్యగారి చేతిలో ఈకలున్న సగం పుల్ల మాత్రం ఉంది. "తగలడం తగిలింది అమ్మాయిగారూ, తగిలీ తగలగానే పుల్ల ఫట్‌మంది. ములికి తొడలో ఉండిపోయింది. ఆ సగంతోనే పరిగెత్తింది" అన్నాడు కోటయ్య. మామయ్యగారు కాళ్ళు కూడా కడుక్కోకుండా అరుగు మీద కూర్చున్నారు. అత్తయ్యగారు అన్నం పెడతానంటే, "అది ఎక్కడుందో, ఏం పడుతోందో. నాకిప్పుడు దిగదు" అన్నారు.

మర్నాడు ఈస్టరు. అన్నేళ్ళలో మొదటిసారి గుళ్ళో వాక్యం వేరేవాళ్ళు చదివారు. ఆయన చీకట్లోనే లేచి మళ్ళీ తోటలకి వెళ్ళిపోయారు. ఆరాధన అవగానే నేనే క్యారేజీ పట్టుకుని వెళ్ళాను. సరుగుడు ఆకుల మీద అక్కడక్కడ ఎండిపోయిన నెత్తురు చుక్కలు. మామయ్యగారు వంగి వంగి ఒక్కో చుక్కా వెతుకుతున్నారు. దెబ్బ తిన్నది నీళ్ళ కోసం పోతుందని వాగు వైపు వెళ్ళారట. అక్కడ గాలికి ఇసక కప్పేసి జాడ పోయింది.

"మాస్టారూ, ఇంక రండి. ఈ ఏడు మీ చెయ్యి వణికింది. నేను చూశాగా. ముసలితనం వచ్చేసింది మీకు," అని కోటయ్య వేళాకోళం చేశాడు, ఆయన్ని ఎలాగైనా నవ్వించి ఇంటికి తేవాలని.

ఆయన నవ్వలేదు. జేబులోంచి ఆ సగం పుల్ల తీసి చాలాసేపు చూశారు. విరిగిన చోట వేలితో రాశారు. తర్వాత తలెత్తి నావైపు ఒక్కసారి చూసి, "అవును కోటయ్యా, చెయ్యి వణికింది" అన్నారు. "కొట్టినవాణ్ణి నేను. వెతకాల్సిందీ నేనే. నువ్వు ఇంటికెళ్ళు."

నా నోటిదాకా వచ్చింది. మామయ్యగారూ, మీ చెయ్యి కాదండీ, నా అబద్ధం అని. కోటయ్య ఉన్నాడని ఆగాను. ఇంటికెళ్ళాక చెప్దామనుకున్నాను. ఇంట్లో అత్తయ్యగారు ఉన్నారు. మూడో రోజు కూడా వెతికారు. దొరకలేదు. నాలుగో రోజు మామూలుగా బడికి వెళ్ళిపోయారు. ఆ వారం దాటాక ఇక చెప్పడానికి వేళ మించిపోయిందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఆయన మళ్ళీ విల్లు ముట్టలేదు. మిగిలిన బాణాలకి ములుకులు ఊడదీసి, పుల్లలు పెరట్లో చిక్కుడు పాదుకి పాతారు. బజారులో ఎవరైనా, "ఏం మాస్టారూ, గురి తప్పిందంటగా!" అంటే, "వయసు కదండీ" అని నవ్వి ఊరుకునేవారు. అప్పటికి ఆయనకి యాభై కూడా లేవు. ఆ మాట విన్నప్పుడల్లా నేను తల దించుకునేదాన్ని. నా మీద మాత్రం ఒక్కనాడూ విసుక్కోలేదు. పైగా ఆ ఏడే, "తెనాలి పిల్లవి, చదువు మధ్యలో ఆపేస్తే ఎట్టా?" అని అత్తయ్యగారు వద్దన్నా నన్ను టీచరు ట్రైనింగుకి పంపించారు. నేను రేపల్లెలో ఉద్యోగం చేసి, మీ నాన్నని చదివించానంటే అది ఆయన చలవే. నా క్లాసులో పలకో స్కేలో విరిగితే, అందరి ముందూ ఎవరు విరగ్గొట్టారని ఎప్పుడూ అడగలేదు. "ఎవరైనా నాకు చెప్పాలనుకుంటే ఇవాళే చెప్పండి, నేను ఒక్కదాన్నే ఉంటాను" అనేదాన్ని. ఆ రోజు నన్నలా ఎవరైనా అడిగితే బాగుండేదని.

చాలా ఏళ్ళకి ఆయనకి పక్షవాతం వచ్చింది. కుడి వైపు పడిపోయింది, మాటా పోయింది. ఒక మధ్యాహ్నం జావ తాగిస్తున్నాను. ఇంట్లో ఇంకెవరూ లేరు. చెంచా కింద పెట్టి చెప్పేశాను. "మామయ్యగారూ, ఆ బాణం చిట్లిందండీ. నాకు తెలుసు. ఆముదం రాసి కప్పేశాను. మీరు అడిగితే లేదన్నాను." ఆయన నన్నే చూస్తూ ఉన్నారు. ఎడం చెయ్యి మెల్లగా తెచ్చి నా చేతి మీద వేశారు. పెదాలు కదిలాయి, రెండుసార్లు. చెవి దగ్గర పెట్టాను. ఊపిరి తప్ప ఏమీ వినపడలేదు. ఆ నెల్లోనే పోయారు.

అనూ, ఆ జింక వాగు ఒడ్డున ఎన్నాళ్ళు బాధపడిందో ఇప్పటికీ తలుచుకుంటాను. దాని జాడ ఇంక ఎవరికీ తెలియదు, అది ఒప్పుకున్నాను. కానీ ఒప్పుకోలేనిది ఇంకొకటుంది. ఆ పెదాలు ఏం చెప్పబోయాయి? మామయ్యగారూ, ఆ సరుగుడు తోటలో నావైపు చూసినప్పుడే మీకు తెలుసా?