రంగులద్దే చిన్నాయనకు మా మేడం చెప్పిన మాట

వింటే మనిషి బెదిరిపోతాడని తెలిసిన మాటను, మందు ఇచ్చేటప్పుడు చెప్పాలా, మనలోనే దాచుకోవాలా? ఇరవై ఏళ్లకు పైగా ఈ ప్రశ్న నాతోపాటు ధర్మవరం, హిందూపురం మధ్య రైల్లో వస్తూ పోతూ ఉంది. దాన్ని నా నెత్తిన పెట్టిన మా మేడం పోయిన నెల పెనుకొండలో తమ ఇంట్లోనే కన్నుమూశారు. వాళ్ల అమ్మాయి ఫోన్ చేసి "అక్కా, అమ్మ లేదు" అంది, అంతే. నేను క్లాసుకు బయల్దేరుతున్నాను. తీసుకున్న చాక్‌పీసులు చేతిలో అట్లే పట్టుకుని కూర్చుండిపోయాను.

హిందూపురంలో మేం ఫార్మసీ చదివేటప్పుడు అంటురోగాల మందుల పాఠం ఆమెదే. ఇప్పుడు అదే కాలేజీలో ఆ పాఠం నేను చెబుతున్నాను. అందరూ బెదిరే సబ్జెక్టు అది. ఒక్కో క్రిమికి ఒక్కో మందు, నోరు తిరగని పేర్లు. ఆమె మాత్రం వైవా రోజు కొంగు తలమీదుగా కప్పుకుని, కుర్చీలో ముడుచుకుని కూర్చుని అవ్వయిపోయేవారు.

"ఏం పాపా, ఈ మాత్ర కడుపులోకి పోయి ఏం జేస్తాది?"

"బ్యాక్టీరియాలో ప్రొటీన్ సింథసిస్‌ను ఆపుతుంది మేడం."

"మేడం యాడుంది ఈడ? అవ్వను నేను. ఆ సింథసిసో ఏందో ఆపనీలే. సంగటి తినకముందు మింగల్నా, తిన్నంక మింగల్నా, అది చెప్పు."

క్లాసంతా నవ్వేది. చెప్పలేకపోయిన పిల్ల మాత్రం ఆ జవాబు జన్మలో మరిచిపోయేది కాదు.

ఇంకో పట్టుదల ఉండేది ఆమెకు. జబ్బు పేరు చెప్పగానే మేం మందు పేరు అందుకోబోతే చెయ్యెత్తి ఆపేవారు. "మాత్ర పేరు తర్వాత. ఆ మనిషి ఏం పని చేస్తాడో ముందు అడుగు." చిలమత్తూరులో గొర్రెలు కాసే మనిషికి, బెంగళూరులో ఇటుకలు మోసే మనిషికి మందు ఒకటే కావచ్చు, దాన్ని మింగే బతుకు ఒకటి కాదు అనేవారు. నాకది అప్పట్లో చాదస్తంగా తోచింది. మా వీధి చిన్నాయన సంగతి జరిగేదాకా.

ధర్మవరంలో మాది మగ్గాల వీధి. పట్టుకు రంగులద్దే ఒకాయనను మేమంతా చిన్నాయన అని పిలిచేవాళ్లం. ఆయనకు క్షయ అని తేలింది. సర్కారు ఆసుపత్రి మాత్రలు మొదలుపెట్టిన కొన్నాళ్లకే పనికి పోవడం మానేశాడు, మాత్రలూ మానేశాడు. నేను పోయి అడిగితే, వాకిట్లో మంచం మీద కూర్చుని గొంతు తగ్గించి చెప్పాడు. "రంగు నా ఒంట్లోకి దిగిండాది పాపా. ఒంటికి పోతే కుంకుమ నీళ్ల మాదిరి వస్తాండాది. దగ్గు తెచ్చింది ఈ రంగే. తొట్టి దగ్గరికి పోకుంటే అదే తగ్గుతాది. ఇంక మాత్రలెందుకు?"

మూత్రం ఎర్రబడేది ఆ మాత్రల్లో ఒకదాని వల్ల. ప్రమాదం లేదు, ఆసుపత్రిలో చెప్పే ఉంటారు, ఈయన చెవికెక్కలేదేమో. ఏళ్ల తరబడి రంగులో చేతులు ముంచిన మనిషికి, ఎరుపు కనబడగానే తొట్టే గుర్తుకొచ్చింది. పుస్తకం చేతిలో ఉన్న నేను ఎంత చెప్పినా నమ్మలేదు. మందు మధ్యలో ఆపితే జబ్బు మొండికేస్తుందని నాకు తెలుసు, అందుకే భయపడిపోయాను. మరునాడు రైల్లో, పెనుకొండలో ఎక్కిన మేడంకు చెప్పాను. ఆదివారం ఆమె మా వీధికొచ్చారు.

రంగు సంగతి ఆమెకు పెద్ద కష్టం కాలేదు. "ఏమప్పా, నువ్వు పచ్చ కూడా అద్దుతావు కదా, నీలం కూడా అద్దుతావు కదా. ఎరుపొక్కటే ఒంట్లోకి దిగిందా?" అని అడిగారు. చిన్నాయన కాసేపు ఆలోచించి, తనలో తానే నవ్వాడు. గండం గడిచిందనుకున్నాను. అప్పుడే ఆమె రెండో మాట మొదలుపెట్టబోతున్నారని అర్థమై, చెవి దగ్గరికి పోయి "కంటి సంగతి వద్దు మేడం" అన్నాను.

ఆ మాత్రల్లోనే ఇంకొకటి, చాలా కొద్దిమందికి, చూపు మీద పడుతుంది. ఎరుపుకు, పచ్చకు తేడా తెలియకుండా పోవచ్చు. రంగులద్దే మనిషికి ఆ మాట ఎట్లా చెప్పడం?

ఆమె చెప్పారు. "రంగు తెలీకపోతే నేనేం మనిషినమ్మా" అన్నాడు చిన్నాయన.

"అందుకే నీకు చెప్తాండా. రంగులో తేడా నీకంటే ముందు పట్టే డాక్టరు ఈ ఊర్లో యాడుండాడు?"

లోపలినుంచి ఎర్ర పోగుల కట్ట ఒకటి, పచ్చ పోగుల కట్ట ఒకటి తెప్పించి దండెం మీద వేయించారు. పొద్దున లేవగానే ఒక కన్ను మూసి ఇంకో కన్నుతో, తర్వాత అది మూసి దీనితో చూడమన్నారు. ఏ కొంచెం మసకగా ఉన్నా మాత్ర మింగకుండా నేరుగా ఆసుపత్రికి పోవాలని చెప్పి, ఆ మరునాడు తానే మళ్లీ వచ్చి, వెంటబెట్టుకుని పోయి డాక్టరుకు చూపించి మందు మళ్లీ మొదలుపెట్టించారు. చిన్నాయన చివరిదాకా మింగాడు. ఆయన చూపుకు ఏమీ కాలేదు.

ఆ ఆదివారం ఆమెను రైలెక్కించడానికి పోయినప్పుడు ఉండబట్టలేక అడిగాను. "ఆ మాటకు భయపడి మొత్తానికే మానేసి ఉంటే మేడం?"

"మానేసి ఉండొచ్చు పాపా," అన్నారు. "చెప్పకుండా మింగిస్తే మాత్రం అది మన వైద్యమే, ఆయన వైద్యం కాదు."

జబ్బు నయమయ్యాక చిన్నాయన తనను మొదట బెదరగొట్టిన ఆ ఎర్ర మాత్ర రంగునే పట్టుకు అద్ది, చీర నేయించి ఇచ్చాడు. ఏటా క్షయ మందుల పాఠం రోజు మా మేడం ఆ చీరే కట్టుకొచ్చేవారు. కొంగు ఎత్తి చూపించి, "రోగికి ముందు ఈ రంగు చెప్పండి, మిగతాది తర్వాత" అనేవారు. ఇవాళ హిందూపురంలో గానీ కనగానపల్లిలో గానీ ఏ మందుల షాపులోనైనా చీటీ అందుకుని "నువ్వేం పని చేస్తావన్నా?" అని అడిగే అమ్మాయి కనబడితే, ఆ పిల్ల ఎవరి దగ్గర చదివిందో నేను అడగక్కర్లేదు. అట్లాంటి చోట గర్వంగా నిలబడిపోతాను, మందు కొనేది మరిచిపోయి.

అయినా నా అనుమానం తీరలేదు. రెండేళ్ల కింద మా వీధిలోనే మగ్గం నేసే ఒకామెకు ఇదే జబ్బు వస్తే, మేడం చెప్పినట్టే కంటి సంగతీ చెప్పాను. ఆమె కూడా మందు పూర్తి చేసింది, బాగుంది. ఎప్పుడైనా ఎదురుపడితే మాత్రం అంటుంది, "నువ్వు చెప్పకుంటే నిమ్మళంగా మింగుతుంటి కదక్కా. అన్ని నెలలూ కండ్లు పోతాయనే భయంతోనే నేసినా."

మేడం పోయిన రోజు పెనుకొండలో ఆమె మీద ఆ చీరే కప్పారు. చిన్నాయన వచ్చాడు, బాగా ముసలివాడయ్యాడు. వంగి, చీర అంచును వేళ్ల మధ్య పట్టుకుని, వాకిట్లోంచి పడే ఎండలోకి కొంచెం జరిపి, ఒక కన్ను మూసి చూశాడు. తర్వాత అది తెరిచి రెండోది మూసి చూశాడు. "ఎలిసిపోలే," అన్నాడు ఆమెతోనే.

వచ్చే వారం ఆ పాఠం నేను చెప్పాలి. చిన్నాయన కళ్లు తలుచుకుంటే మేడం చెప్పింది సరే అనిపిస్తుంది. మా వీధి ఆమె మగ్గం మీద భయంతో గడిపిన నెలలు తలుచుకుంటే అనిపించదు. చెప్పాలా, దాచుకోవాలా అని పిల్లలు అడుగుతారు, ఖాయంగా అడుగుతారు. ఏం చెప్పాలో నాకింకా తేలలేదు.