లెక్క తప్పిన పదకొండో ముక్క

ఈ సాయంత్రం నాచారంలో మా అపార్ట్‌మెంట్ మెట్ల మీద, లెక్కల మాస్టారి హోదాలో పేకముక్కల ట్రిక్కు చూపించాను. ఇరవైయొక్క ముక్కల్లో ఒకటి మనసులో అనుకోమని పక్కింటి మల్లేశన్నకు చెప్పాను. మూడు వరసలుగా పరిచి, తన ముక్క ఏ వరసలో ఉందో మూడుసార్లు అడిగి, వరస చెదరకుండా ప్రతిసారీ దాన్ని మధ్యలో పెడితే చాలు, చివరికి అది పదకొండోదై తీరుతుంది. అందరూ చూస్తుండగా పదకొండోది తిప్పాను.

“ఇది కాదు తమ్మీ.”

“మధ్యలో ముక్కలేమైనా కదిపావా అన్నా?”

“నువ్వు లెక్కల గొప్పలు చెప్పేటప్పుడు నా వరస చేతిల పట్టుకొని సీక్వెన్సులు జేసి పెట్టిన. ముక్కలు గట్ల చెదిరి ఉంటే చెయ్యి ఊకుంటదా?”

పైగా ఒక్క జోకర్ పడుంటే షో కొట్టేవాడట!

ఉప్పల్, నాచారం మొత్తంలో రమ్మీ ఆడని మనిషి ఒక్కరుంటే చెప్పండి. ఈ ట్రిక్కు ఇక వాళ్లకే చూపిస్తాను.