జవాబు ముందే తెలిసిన అమ్మాయి

కృపారాణికి జవాబులు ముందే కనిపించేవి. ప్రశ్న సగం చదివేసరికి నాలుగు ఆప్షన్లలో ఒకటి అగ్గిపుల్లలా భగ్గున వెలిగేది. శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర, మేడమీది కోచింగ్ సెంటర్లో, కానిస్టేబుల్ పరీక్షకీ బ్యాంకు పరీక్షకీ చదివే పిల్లలు ఆమెను షార్ట్‌కట్ మేడమ్ అనేవారు. "ప్రశ్నంతా చదువుతూ కూర్చోకండి. ఆప్షన్లు ఒక్కొక్కటీ పెట్టి చూడండి. ఇమడనివి కొట్టేయండి" అని ఆమె చెబుతుంటే పెన్నులు చినుకుల్లా టపటపలాడేవి.

ఆమె మనసు మాత్రం మరో చదువు మీద ఉండేది. ముంబయిలో రెండేళ్ళ ఫైనాన్షియల్ ఇంజినీరింగ్.

తండ్రి థామస్ ఉద్దానంలో ఒక ఆసామి జీడితోటకు కాపలా ఉండేవాడు. ఆమె డిగ్రీలో ఉండగా వచ్చిన తుపాను ఆ తోటను నేలమీద పడుకోబెట్టింది. కొన్నాళ్ళకు ఆసామికి బీమా వచ్చింది. ఎంతొచ్చిందని ఊరంతా ఆరా తీసింది. కృపారాణి మాత్రం కూలిన చెట్ల మధ్య తిరుగుతూ, ఇంకా పుట్టని గాలికి ముందే వెల కట్టినవాళ్ళెవరు, ఏ లెక్కతో కట్టారు అని ఆలోచించింది. ఆ లెక్కలు నేర్పే చదువుకు ఒక పేరుందని ఆమెకు తెలియడానికి నాలుగేళ్ళు పట్టింది.

నిరుడు రాతపరీక్ష సులువుగానే దాటింది. ఇంటర్వ్యూలో కంప్యూటర్ తెరమీద ముగ్గురు ప్రొఫెసర్లు. నాణెం ఎగరేస్తూ పోతే, వరసగా రెండుసార్లు బొమ్మ పడడానికి సగటున ఎన్నిసార్లు ఎగరెయ్యాలని ఒకాయన అడిగారు.

"ఆరు" అంది, రెప్ప వేసేలోగా.

"ఎందుకు?"

ఆరు అని ఏదో పాత ప్రశ్నపత్రంలో చూసింది, అంతే. సీటు రాలేదు. ఆ చదువుకు ఎవరైనా రెండుసార్లే ప్రయత్నించవచ్చు. ఆమెకు మిగిలింది ఒక్కసారి.

ఎవరో చెబితే విజయనగరం వెళ్ళింది. కంటోన్మెంటులో జగన్నాధం అనే రిటైరైన లెక్కల లెక్చరర్ ఒంటరిగా ఉంటారు. ఆదివారం ఆరాధన అవగానే చర్చి నుంచి అటే బస్సెక్కేది. ఆయన మొదటిరోజే ఒక షరతు పెట్టారు.

"నోట్సులో ఆఖరి లైను రాయకు."

"జవాబు రాయకపోతే లెక్కెలాగ అవుద్ది మాస్టారూ?"

"జవాబు నాకూ తెలుసే తల్లీ. నువ్వే దారినొచ్చేవో అది సెప్పు. దారి బాగుంటే ఇంటికి నేనొస్తాను."

ఏడాదంతా అలాగే గడిచింది. సంభావ్యత, మాత్రికలు, కలనగణితం, వాటిని కంప్యూటర్‌కు చెప్పే ప్రోగ్రాములు. మధ్యాహ్నం బ్యాచ్ వెళ్ళిపోయాక ఖాళీ తరగతిగదిలో బోర్డునిండా మెట్టుమీద మెట్టుగా రాసి వెనక్కి తిరిగేది. బెంచీలు ఏమీ అనేవి కావు. తుడిచేసేది. ఎక్కడైనా ఒక మెట్టు తప్పితే చెప్పేవారు లేరు. ఆ తప్పు ఆదివారం దాకా ఆమె పక్కనే కూర్చుని అన్నం తినేది. చర్చిలో పాటల జట్టులోని స్నేహితులు ఏటి సదువుతన్నావని అడిగితే, బ్యాంకు పరీక్షకని చెప్పి ఊరుకునేది.

మెల్లగా ఆ దారులు ఆమె పాఠంలోకీ వచ్చేశాయి. ఒకరోజు సగం బోర్డు నిండాక ముందు వరసలోని గౌరి చెయ్యెత్తింది.

"మేడమ్, ఇదంతా తెలిస్తే భుజమ్మీద స్టారొకటి ఎక్కువేస్తారేటండి? టిక్కెక్కడెట్టాలో సెప్పండి, సాలు."

తరగతి గొల్లుమంది. కృపారాణీ నవ్వింది. సాయంత్రం సెంటర్ యజమాని ఉమాశంకర్ పిలిచాడు.

"ఏటమ్మా కృపా, లెక్క సెప్తన్నావా, సువార్త సెప్తన్నావా? ఒక్క లెక్కకి గంటైతే పిల్లలు ఎదర సెంటరుకి ఎలిపోరూ?"

ఆ వారమే సాయంత్రం బ్యాచ్ ఇంకొకరికి ఇచ్చేశాడు. ఆమెకు ఖాళీ గది మరికాస్త ఎక్కువసేపు దొరికింది.

రెండో ఇంటర్వ్యూలో నిరుటి ప్రొఫెసరే మళ్ళీ నాణెం తీశారు. ఈసారి బొమ్మ పడిన వెంటనే బొరుసు పడాలి. సగటున ఎన్నిసార్లు?

నాలుక చివర ఆరు వెలిగింది. ఆమె దాన్ని మింగింది.

"మొదటినుంచి చెప్తానండి. మొదటి బొమ్మ కోసం సగటున రెండుసార్లు. తర్వాత బొరుసు కోసం చూడాలి. బొరుసు రాక మళ్ళీ బొమ్మే పడితే..."

అక్కడ ఆగింది. రెండు బొమ్మలు కావలసినప్పుడు మధ్యలో బొరుసు పడితే అంతా మొదటికొచ్చేది. ఇప్పుడు పోయిందేమీ లేదు. బొమ్మ చేతిలో ఉండనే ఉంది. నిలబడ్డచోటే నిలబడి ఎదురుచూడడమే.

"మరో రెండుసార్లు. మొత్తం నాలుగు" అంది. ఆ అంకె తనకే కొత్తగా వినిపించింది. ప్రొఫెసర్ తలాడించి ఏదో రాసుకున్నారు.

సీటు వచ్చినట్టు శుక్రవారం మెయిల్ వచ్చింది. ఆదివారం ఫోనులో చూపిస్తే జగన్నాధం మాస్టారు రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి పంచె కొసతో తుడుచుకున్నారు. నాణెం సంగతి మొదటినుంచి చెప్పించుకున్నారు. ఆమె బొమ్మ దగ్గర ఆగిన చోట ఆయనా ఊపిరి బిగబట్టారు.

"బాగుందమ్మా. ఇంక నాతో నీకు పని అయిపోనాది" అన్నారు, నిండు సంతోషంతో.

సీటొస్తే ఏమవుతుందో ఆమె ఏడాదిగా ఎన్నో విధాల ఊహించుకుంది. ఈ వరండా, ఎదురు కుర్చీలో ఈ మనిషి ఉండరన్నది మాత్రం ఆ ఊహల్లో లేదు. ఆయన ఇంకా నవ్వుతూనే ఉన్నారు. బస్సుకు వేళైందని చెప్పి లేచింది.

వేళేమీ కాలేదు. ఆర్టీసీ బస్సుల కాంప్లెక్స్‌లో సిమెంటు బల్లమీద కూర్చుంది. శ్రీకాకుళం బస్సులు రెండు ఆమె కళ్ళముందే కదిలిపోయాయి. మూడోది కిక్కిరిసి వచ్చింది. అందులో నిలబడి వెళ్ళింది.