ఐదో జత కాళ్ల మీద వెంట్రుకలు

శేషగిరి గారు దేన్నీ ఒక్కసారి చూసి నమ్మరు. సూర్యుడు తూర్పున ఉదయిస్తాడంటే, "ఇవాళ చూసి చెబుతున్నారా, నిన్నటిది చెబుతున్నారా?" అని అడిగే మనిషి. ఆయన నోట నేను ఎక్కువసార్లు విన్న మాట "ఇంకోసారి చూద్దాం". ఎన్నిసార్లు విన్నానో లెక్కపెట్టలేదు. పెట్టి ఉంటే ఆ లెక్కా ఇంకోసారి చూద్దామనేవారు.

ఆయన ఉండేది ఘాజియాబాద్‌లో. రోజూ వైశాలి స్టేషన్‌లో మెట్రో ఎక్కి ఢిల్లీలో మా ఆఫీసుకి వస్తారు. వైశాలి ఆ లైనుకి చివరి స్టేషన్. అక్కణ్ణించి బండి పోవడానికి ఉన్నదే ఒక్క దిక్కు. అయినా శేషగిరి గారు బోర్డు చదివి, పక్కవాణ్ణి అడిగి, మొదటి బండి వదిలేసి రెండోది ఎక్కుతారు.

"మొదటిది కూడా ఇటే వస్తుంది కదా సార్," అన్నాను ఒకసారి.

"వచ్చింది. అది చూశాకే కదా రెండోది ఎక్కాను," అన్నారు.

వాళ్ల వీధిలో కూరగాయల బండివాడికి ఈయనంటే హడల్. "భయ్యా, యే లౌకీ హై?" అని అడిగి, వాడు అవునన్నాక సొరకాయను తిప్పి చూసి, తొడిమ చూసి, "పక్కా?" అనేవారట. ఇప్పుడు ఆయన కనబడితే చాలు, వాడే ముందు దణ్ణం పెట్టి, "బాబూజీ, ఆప్ హీ బతా దో క్యా హై" అని, అదేమిటో ఆయన్నే చెప్పమంటున్నాడని ఆయన భార్య కస్తూరి గారు చెప్పారు.

ఆవిడ చెప్పిందే ఇంకోటుంది. "పెళ్లిచూపులకి మూడుసార్లొచ్చారమ్మా. మూడోసారి మా నాన్న ఉండబట్టలేక, 'బాబూ, మీకు మా అమ్మాయి నచ్చుతోందా, మా ఇంటి పెసరట్టు నచ్చుతోందా?' అని అడిగేశారు."

"ఒక్క నమూనా చూసి నిర్ణయానికి రాకూడదు," అన్నారు సార్ పక్కనుంచి.

"నమూనా ఒక్కటే కదండీ. మూడుసార్లూ నేనే కదా కాఫీ తెచ్చింది."

సముద్రం ఛాయలు కూడా లేని ఊళ్లో కూర్చుని సముద్రపు జీవులకి పేర్లు పెట్టే ప్రభుత్వ ప్రయోగశాల మాది. సార్ పెద్ద శాస్త్రవేత్త. నేనూ, వరంగల్ నుంచి వచ్చిన నిరంజనూ ఆయన కింద ప్రాజెక్టు ఉద్యోగులం. ఒక జూలైలో అండమాన్ నుంచి ఓ సీసా వచ్చింది. లోపల స్పిరిట్‌లో నల్ల పగడం కొమ్మ. పేరుకే నల్లన, బతికున్నప్పుడు పైన రంగు చర్మం ఉంటుంది, నలుపంతా లోపలి ఎముకది. ఆ కొమ్మ మీద బియ్యపు గింజలంత ఉబ్బులు ఏడు కనిపించాయి నాకు. బార్నకిళ్లు.

ఓడల అడుగున, రేవు రాళ్ల మీద అతుక్కుని కాళ్లు గీరుకుపోయేలా చేసేవి వీటి చుట్టాలే. బార్నకిల్ రొయ్యకీ పీతకీ దగ్గరి బంధువు. చిన్నతనంలో ఈదుతూ తిరుగుతుంది. ఓ చోటు నచ్చిందంటే తల అక్కడ అంటించేసుకుంటుంది. ఇక జీవితాంతం తలకిందులుగా ఉండి, ఆరు జతల కాళ్లతో తిండిని నోట్లోకి లాక్కుంటుంది. ఈ ఏడింటి మీదా పగడం తన చర్మాన్నే కప్పేసింది, చలికి పిల్లల మీద రజాయి కప్పినట్టు.

"సార్, ఇలాంటిది ఏ పుస్తకంలోనూ లేదు," అన్నాను.

ఆయన అరగంట మైక్రోస్కోపులో చూశారు. తల ఎత్తి ఏమన్నారో మీకు తెలుసు.

నాకప్పుడు ఏడో నెల. నా ఉద్యోగం వచ్చే జూన్ వరకే. పొడిగించాలంటే నా పేరు ముందున్న పరిశోధనా పత్రం ఒకటి ఉండాలి. మా ప్రయోగశాల ఆచారం ఏమిటంటే, కొత్త జీవికి బొమ్మలు ఎవరు గీస్తే వాళ్ల పేరు ముందు. ఒక్కో కాలు విడదీసి, ఒక్కో వెంట్రుకా గీయాలి. వర్ణనలో సగం ఆ బొమ్మలే. నేను పెన్సిలు చెక్కుకునేలోపు నా బీపీ పెరిగింది. ఆగస్టులో డాక్టరు మంచం ఎక్కించింది. సీసా బీరువాలో, నేను ఇంట్లో.

పాప పుట్టింది. నిరంజన్ ఫోన్ చేస్తూ ఉండేవాడు.

"అక్కా, సార్ ఇయ్యాల గూడ నాతోటి ఐదో జత కాళ్ల మీద వెంట్రుకలు లెక్కవెట్టిచ్చిన్రు. నిన్న ఎన్నున్నయో ఇయ్యాల గూడ అన్నే ఉన్నయి."

"బొమ్మలు మొదలుపెట్టారా?"

"నేను గీస్త సార్ అన్న. లెక్క తేలకుండ పెన్సిలు ముట్టొద్దన్నరు. ఇంకో దేశపోళ్లకు గూడ గిసొంటి కొమ్మ దొరికిందంట. డైరెక్టర్ సార్ అయితే, 'మీరు జూన్‌ల రిటైర్ అయితున్నరు, ఆ లోపన్న రాస్తరా?' అని మొఖం మీదనే అడిగిండు."

నా బాధ ఎవరికి చెప్పుకోను? నిరంజన్ గీస్తే నా పేరు వెనక్కి పోతుంది. పరాయివాళ్లు ముందు రాసేస్తే అందరం పోతాం. ఆయన త్వరగా తేల్చాలని ఓ దేవుడికీ, తేల్చకూడదని ఇంకో దేవుడికీ మొక్కుకున్నాను.

ఇంట్లో నేనూ తక్కువ తినలేదు. పాప ఊపిరి నిమిషానికి ఎన్నిసార్లో లెక్కపెట్టి గ్రాఫు గీసేదాన్ని. ఓ రోజు దాని మెడ మీద ఎర్రటి మచ్చ కనిపించింది. "ఏం లేదు," అన్నారు మావారు. "వేడి చేసింది," అంది అమ్మ. "ఏం లేదు" అనని మనిషి ఈ భూమ్మీద ఒక్కరే ఉన్నారు. ఆయనకి ఫోటో పంపాను. వెంటనే జవాబు వచ్చింది: "పక్కన స్కేలు పెట్టి ఇంకోటి తీయండి."

పెట్టి తీశాను. మర్నాడూ తీశాను. "నిన్నటికంటే రెండు మిల్లీమీటర్లు తగ్గింది. రేపు ఇంకోసారి చూద్దాం," అన్నారు. నాలుగు రోజులకి మచ్చ పోయింది. టీకాకి వెళ్లినప్పుడు ఆ కొలతల పట్టిక చూపిస్తే, డాక్టరు పాపని వదిలేసి నా నాడి చూసింది.

ఫిబ్రవరిలో ఉద్యోగానికి తిరిగి వచ్చాను. సార్ అప్పుడే లోపలికి వస్తున్నారు, సంచి ఇంకా భుజం మీదే ఉంది.

"వచ్చారా అమ్మా? లెక్క ఇవాళే తేలింది. కూర్చుని గీయండి."

నిరంజన్ గడియారం చూశాడు. తొమ్మిదిన్నర. మైక్రోస్కోపు మీద ముసుగు కూడా తీయలేదు.

ఐదు వారాలు గీశాను. ఏడింటిలో ఒకదాన్ని విప్పి, కాలికి కాలు, వెంట్రుకకి వెంట్రుక. జూన్ మొదటి వారంలో మా పత్రం అచ్చయింది. నా పేరు ముందు, తర్వాత నిరంజన్‌ది, చివర సార్‌ది. పాప పుట్టినప్పుడు దాని చేతికి ఆసుపత్రివాళ్లు తల్లి పేరు రాసి కట్టిన చీటీ తర్వాత, నా పేరు అంత గర్వంగా నేనెప్పుడూ చదువుకోలేదు. పొడిగింపు కాగితం కూడా ఆ వారమే వచ్చింది.

మర్నాడు కస్తూరి గారు డబ్బా నిండా సున్నుండలు పట్టుకుని ఆఫీసుకే వచ్చారు.

"తినమ్మా. ఒకే పండక్కి రెండుసార్లు మినుములు వేయించాను. పోయిన ఆగస్టులో ఓసారి, ఇప్పుడోసారి."

"ఆగస్టులో ఎందుకు ఆంటీ?"

"నువ్వు సెలవు పెట్టిన నాలుగో రోజు ఇంటికొచ్చి, 'కస్తూరీ, కొత్త జాతే, అనుమానం లేదు' అన్నారు. ముప్పై నాలుగేళ్ల కాపురంలో ఈయన నోట అనుమానం లేదన్న మాట వినడం అదే మొదటిసారి. మరి రాయండి అన్నాను. 'రాస్తే ఆ పిల్ల పేరు వెనక్కి పోతుంది. మొదట చూసింది తను. తను వచ్చేదాకా లెక్క తేలదు,' అన్నారు. ఎవరికీ చెప్పొద్దన్నారు. పది నెలలు ఈ నోరు ఎలా కట్టుకున్నానో నాకు తెలుసు."

నిరంజన్ సున్నుండ చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు.

"అంటే సార్, నాతోటి నూట పద్నాలుగుసార్లు ఉత్తగనే లెక్కవెట్టిచ్చిన్రా?"

"అలవాటు మంచిది," అన్నారు సార్.

"ఈలోగా ఎవరైనా రాసేసి ఉంటే సార్? మీకిదే ఆఖరిది కదా," అన్నాను.

"ఎవరు రాసినా ఆ బార్నకిల్‌కి పేరొచ్చేది. పేరు దానికి కావాలి, నాకెందుకు?" అని ఆయన గబగబా మైక్రోస్కోపు మీదికి వంగిపోయారు. "మాట్లాడించకండి. ఇక్కడేదో ముఖ్యమైనది కనిపిస్తోంది."

దగ్గరికి వెళ్లి చూశాను. కింద గాజుపలక లేదు. దీపం కూడా వెలగలేదు. ఆయన మాత్రం మర ఇటు తిప్పి, అటు తిప్పి, మహా శ్రద్ధగా చూస్తున్నారు.

స్విచ్ వేద్దామని చెయ్యి చాపాను. వద్దని నిరంజన్ సైగ చేశాడు.