‘తీసిన’ అన్న మాటకు నేను చెప్పిన అర్థం

పేరు రాయను. పేరు రాయాల్సి వస్తే ఈ నాలుగు ముక్కలు కూడా రాయలేను, నా సంగతి నాకు తెలుసు. తొమ్మిదేళ్లుగా ఒక మాట నా గుండెల మీద కూర్చుని ఉంది. మూడక్షరాల మాట. తీసిన. ఇంట్లో రోజుకు వందసార్లు వాడతాం. డబ్బా మూత తీసిన, ఆరిన బట్టలు తీసిన, తలుపు తీసిన. అది ఎవరి నోట విన్నా చేతిలో పని వదిలేసి కిటికీ దగ్గరికి పోతాను. మా ఇంట్లోవాళ్లు గాలి కోసం అనుకుంటారు, నేనూ కాదనను.

మీరెవరో నాకు తెలియదు. ఉన్నమాట చెప్పాలంటే మీ మీద కూడా నాకు అనుమానమే. చదివి అయ్యో అంటారా, వీళ్ల జాతే ఇంత అంటారా? ఆ రెండో మాటకు భయపడే ఇన్నేళ్లు నెట్టుకొచ్చాను. అయినా ఎవరికో ఒకరికి చెప్పకపోతే ఊపిరాడేలా లేదు.

మాది కామాఠీపురా. మా తాత పాలమూరు వైపు నుంచి రాళ్లు మోయడానికి బొంబాయి వచ్చాడు. కామాఠీ అంటే మట్టిపని, రాతిపని చేసుకునే మనిషి. మావాళ్లు ఉన్న చోటు కాబట్టి ఆ గల్లీలకు ఆ పేరు వచ్చింది. తర్వాత అక్కడ ఒళ్లమ్ముకునే వ్యాపారం పెరిగి, ఆ పేరు చెబితే జనం అదోలా నవ్వడం మొదలుపెట్టారు. మా నాన్న మా ఊరి పేరు చివర మరాఠీవాళ్లలా ‘కర్’ అని తగిలించి, బడిలో అదే ఇంటిపేరుగా రాయించాడు. ఒక్క ముక్కతో మరాఠీవాళ్లమైపోయాం. ఇంట్లో తెలుగు, మెట్లు దిగితే మరాఠీ. ఎక్కడుంటారని అడిగితే నాగ్‌పాడా అంటాను, ఇంకా గుచ్చి అడిగితే గ్రాంట్ రోడ్ స్టేషన్ దగ్గర అంటాను. ఆ తెలుగు కూడా పెద్దవాళ్లం మాలో మేం మాట్లాడుకోవడమే, నా పిల్లలకు నేర్పలేదు. ఏరు దాటాక తెప్ప తగలేయడమంటారే, మేం తగలేసి బూడిద కూడా ఊడ్చేశాం.

వర్లిలో ఒక పెద్ద బిల్డింగ్ సొసైటీ ఆఫీసులో నేను క్లర్కును. నోటీసులు టైపు చేయడం, పనివాళ్లకు గేటు పాసులు రాయడం నా పని. ఆ ఏడు ఐదో అంతస్తు ఫ్లాట్‌లో వంటగది పగలగొట్టి కొత్త టైల్స్ వేస్తున్నారు. పనికి పాలమూరు ముఠా వచ్చింది, పదకొండు మంది. వాళ్లు మెట్ల మీద తెలుగులో మాట్లాడుకుంటూ పోతుంటే నేను ఆఫీసు తలుపు వేసుకునేదాన్ని. నాకు వాళ్ల మీద అనుమానం. మొదటిరోజు నుంచే. ఏం చూసి? ఏమీ చూడలేదు. ఎప్పుడో నన్ను పట్టిస్తారని భయం. ఆ భయాన్నే, వీళ్లు నమ్మదగ్గ మనుషులు కారు అని నాకు నేను చెప్పుకున్నానని ఇప్పుడనిపిస్తోంది.

ఒక మధ్యాహ్నం ఆ ఫ్లాట్‌లో పూజ గూట్లోని వెండి కుంకుమ భరిణె కనిపించలేదు. పనివాళ్లు ఎక్కి దిగే మెట్ల వైపు ఉన్న వెనక తలుపు బార్లా తెరిచి ఉంది. అప్పుడు లోపల సిమెంటు కలుపుతున్నది ఒక్కతే, బాలమణి అనే ఆమె. ఆమెను ఆఫీసులోకి తీసుకొచ్చారు. సెక్రటరీ గారు, ఫ్లాట్ యజమానురాలు, వాచ్‌మన్, నేను. బాలమణికి హిందీ నాలుగు ముక్కలకు మించి రాదు.

సెక్రటరీ గారు నా వైపు తిరిగారు. “మీరు ఆ వైపే కదా ఉంటారు, వీళ్ల భాష తెలుసా?” అని మరాఠీలో అడిగారు.

ఆ వైపు అంటే ఏ వైపు? ఈయనకు ఎవరు చెప్పారు? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు అయింది నా పని. ఆయన మామూలుగానే అడిగారేమో. నేను మాత్రం వెంటనే, “కొంచెం కొంచెం. చిన్నప్పుడు పక్కింట్లో ఉండేవాళ్లు” అన్నాను.

బాలమణిని అడిగాను. “వెనక తలుపు సంగతేంది?”

నా నోట తెలుగు వినగానే ఆమె మొహం విప్పారింది. “అక్కా, నువ్వు మనోళ్లేనా?”

“అడిగినదానికి చెప్పు.”

“నేనే తీసినక్కా. సిమెంటు దుమ్ముకు దమ్ము ఆడలే. జరంత గాలొస్తదని తీసిన. భరిణె గిరిణె నాకెర్క లేదు, నీ కాళ్లు మొక్కుత, గా సాబుకు చెప్పు.”

“ఏమంటోంది?” అన్నారు సెక్రటరీ గారు.

మరాఠీలో తలుపు తెరవడానికి ఒక మాట, వస్తువు తీయడానికి ఇంకో మాట. తెలుగులో రెండింటికీ తీయడమే. నేను రెండో మాట ఎత్తుకున్నాను. “మీచ్ కాఢలం, మ్హణతే.” నేనే తీశాను అంటోంది అని. అంతవరకే చెప్పాను. తలుపు లేదు, దుమ్ము లేదు, గాలి లేదు.

భాష సగమే వచ్చినవాళ్లు చేసే పొరపాటు అది. ఎవరైనా తర్వాత నిలదీస్తే, పాపం కొంచెమే వచ్చు కదా అనుకుంటారు. అంత తెలివి ఆ ఒక్క క్షణంలో నాకు ఎక్కడినుంచి వచ్చింది? పొరపాటే అని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. కానీ నేను ఏడ్చేది తెలుగులో. నా కలలు తెలుగులో. ఆ మాట అర్థం నాకు తెలియకపోవడమేమిటి? ‘మనోళ్లేనా’ అని ఆమె నలుగురిలో అడిగింది చూడండి, దానికి జవాబు అది. నేను మీ మనిషిని కాను అని గదిలో అందరికీ వినపడేలా చెప్పాలి, అలా చెప్పాను.

యజమానురాలు, “మొహం చూస్తేనే తెలియడం లేదూ, కామాఠీ మొహం” అంది. నేను బాలమణి పక్కనే నిలబడి ఉన్నాను. అదే నలుపు. అవే ఎత్తు దవడలు. మా ఇద్దరినీ అక్కచెల్లెళ్లని చూపిస్తే ఎవరైనా నమ్ముతారు. ఆ మొహం ఆవిడకు ఒకరిలోనే కనిపించింది, ఎందుకంటే నా మెడలో సొసైటీ కార్డు ఉంది, దాని మీద ‘కర్’ ఉంది. జాతి అంటూ వాళ్లు చూస్తున్నది చర్మంలోనూ లేదు, నెత్తురులోనూ లేదు. ఎవరో గీత గీశారు. మా నాన్న దాన్ని దాటించి మమ్మల్ని ఇవతల దింపాడు. నేను వెనక్కి తిరిగి దాన్ని ఇంకాస్త దిద్దాను.

ముఠా మేస్త్రీ వచ్చాడు. యజమానుల ముందు మంచివాడనిపించుకోవాలి కదా, వస్తూనే బాలమణి చెంప మీద కొట్టాడు. ఆమె మూట విప్పారు. సద్ది గిన్నె, ఒక చీర, పొగాకు. భరిణె లేదు. అయినా పదకొండు మందినీ ఆ పూటే గేటు బయటికి పంపించేశారు. బాలమణి ఏడవలేదు. నన్నే చూస్తూ, “ఏం జెప్పినవక్కా?” అంది. నేను కాగితాలు సర్దుకున్నాను. కామాఠీ ముఠాలను ఇకపై లోపలికి రానివ్వకూడదని మర్నాడు నోటీసు వచ్చింది. టైపు చేసింది నేనే. ఒక్క అక్షరం తప్పు పోలేదు.

ఆ భరిణె దొరికిందో లేదో నాకు తెలియదు. అడగలేదు. దొంగకు తేలు కుట్టినట్టు నోరు మూసుకున్నాను. ఇంకా సిగ్గుమాలిన సంగతి చెప్పనా? ఆమే తీసి ఉంటే బాగుండును అని ఇప్పటికీ ఒక్కోరోజు అనుకుంటాను. నా బరువు తగ్గడం కోసం ఆమె దొంగ కావాలి నాకు.

మనల్ని తొక్కేవాళ్లతో ఎలా వేగాలి? మా తాత తలవంచుకుని వేగాడు. మా నాన్న పేరు మార్చుకుని వేగాడు. వాళ్లను నేను తప్పుపట్టను, పిల్లల కడుపు చూసుకున్నారు. నేను మాత్రం తొక్కే కాలి కింద ఇంకొకరిని తోశాను. బాలమణి ఏం చేసిందో చెబుతాను. మర్నాడు పొద్దున ఆమె తిరిగి వచ్చి గేటు ముందు నిలబడింది, హిందీ వచ్చిన ఒక ముసలాయనను వెంటబెట్టుకుని. అరవలేదు, తిట్టలేదు. నా మాట తప్పుగా చెప్పారు, ఆ తెలుగక్కను పిలవండి, నా ముందర మళ్లీ చెప్పమనండి అని అడిగింది. పని పోయిన మనిషి, చెంప మీద వాపు తగ్గని మనిషి. పోలీసులను పిలుస్తామన్నా కదలలేదట. మూడు రోజులు వచ్చింది.

వాచ్‌మన్ మొదటిరోజే ఆఫీసులోకి వచ్చాడు. ఇతను పొద్దుటి డ్యూటీవాడు, నిన్న మధ్యాహ్నం గదిలో లేడు. మరాఠీ బాయిని నేను అతని లెక్కలో. అందుకే నన్నే అడిగాడు, “మేడమ్, ఎవరో తెలుగక్క కావాలంటోంది. మన దగ్గర అలాంటివాళ్లు ఉన్నారా?”

లేరని చెప్పాను. రెండో రోజూ అదే చెప్పాను. మూడో రోజు అతను అడగనే లేదు, నేను కిటికీ కర్టెన్ లాగేసుకున్నాను. నాలుగో రోజు గేటు ముందు ఎవరూ లేరు.

ఈ ఉద్యోగం ఇంకా చేస్తున్నాను. ఆ నోటీసు ఇంకా అమల్లో ఉంది. బాలమణి ఎక్కడుందో తెలియదు, తెలిసినా క్షమించమని అడిగే మొహం లేదు. వెళ్లి సెక్రటరీ గారికి చెప్పే ధైర్యం కూడా ఈ పూటకు లేదు, రేపు వస్తుందని మీకు మాటివ్వను. ఒక్కటి మాత్రం రాయగలను. రాసి చూసుకుంటాను.

ఆ తెలుగక్కను నేనే.